ఎదురుగాలిలో ముందు తొక్కింది మా ఆవిడ

మేమిద్దరం వాడరేవు దగ్గర సైకిళ్ళెక్కి, మే నెల వడగాలికి ఎదురు తొక్కుకుంటూ దాచేపల్లి వెళ్ళిన సంగతి మా వైపు చాలామందికి తెలుసు. తెలియకుండా నేను ఉండనివ్వలేదు. పెళ్ళిళ్ళలో చెప్పాను, టీచర్ల మీటింగుల్లో చెప్పాను. ఒకసారి చర్చిలో సాక్ష్యం చెప్పమంటే అక్కడా ఇదే చెప్పాను. ఎక్కడ చెప్పినా ముందు నేను, నా వెనక మా ఆవిడ సువార్త. దారి, ఎండ, ఊళ్ళు, తిన్న తిండి అన్నీ నిజమే. వరుస ఒక్కటే అబద్ధం. ఆ అబద్ధం వల్ల ఒక పిల్ల చదువు ఏడాది పాటు ఆగింది. అందుకని ఆ దారి ఎరగని వాళ్ళ కోసం మొదటినుంచీ మళ్ళీ రాస్తున్నాను.

ఎందుకు బయల్దేరాం

మాది చీరాలకూ పర్చూరుకూ మధ్య నల్లరేగడి ఊరు. మిరప, పత్తి, కాస్త పొగాకు పండుతాయి. ఏడో తరగతి దాకా ఉన్న స్కూల్లో మేమిద్దరం టీచర్లం. హైస్కూలుకు పడమటివైపున్న పెద్దూరు వెళ్ళాలి. బస్సు ఉంది కానీ అది బడి వేళలకు రాదు. మగపిల్లలు సైకిళ్ళ మీద పోయేవాళ్ళు. ఆడపిల్లలు ఏడుతో మానేసేవాళ్ళు.

సువార్త వాళ్ళ నాన్న ఉపదేశి. కూతుర్ని సైకిలు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ఊరూరా ప్రార్థనలకు తిరిగేవాడు. ఆమె కాళ్ళు పెడళ్ళకు అందిన రోజు నుంచీ సైకిలు ఆమెకిచ్చి, బైబిలు ఒళ్ళో పెట్టుకుని తాను వెనక కేరియరు మీద కూర్చునేవాడట. అలా పెరిగిన మనిషి కాబట్టి సాయంత్రాలు స్కూలు ఆవరణలో ఆడపిల్లలకు తన సైకిలు మీద తొక్కడం నేర్పేది. అందరిలోకీ బాగా తొక్కిందీ, అందరికంటే బాగా చదివిందీ రాజ్యం. రైతు వెంకటప్పయ్య కూతురు. ఆ వేసవికి ఏడు పాసయింది.

ఆ పిల్లను హైస్కూలుకు పంపమని అడగడానికి ఇద్దరం వెళ్ళాం. వెంకటప్పయ్య కిరాణా కొట్టు అరుగు మీద దొరికాడు.

"సైకిలు ఆటకి బాగానే ఉందమ్మా. రోజూ ఎండలో, ఎదురుగాలిలో తొక్కాలంటే ఆడకూతురి వల్ల అయ్యే పనేనా?" అన్నాడు.

"ఎందుకు కాదు బాబాయ్? నేను తొక్కడం లేదా?"

"నువ్వు స్కూలు చుట్టూ తొక్కుతున్నావు."

అరుగు మీదున్న వాళ్ళు నవ్వారు. సువార్తకు కోపమొస్తే గొంతు తగ్గుతుంది. "ఎంత దూరం తొక్కితే నమ్ముతారు?" అని మెల్లగా అడిగింది.

వెంకటప్పయ్య తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "మా బావమరిది సాంబయ్య దాచేపల్లిలో ఉన్నాడు. వాడరేవులో కాళ్ళు తడుపుకుని బయల్దేరు. గాలికి ఎదురు తొక్కి, వాడింట్లో మంచినీళ్ళు తాగి రా. నేనే దగ్గరుండి చీరాలలో రాజ్యానికి సైకిలు కొనిస్తా. ఇంతమంది ముందర చెబుతున్నా."

"మే నెలలోనా?" అన్నాను నేను.

"డిసెంబరులో ఎవరైనా తొక్కుతారు మాష్టారూ. భయమైతే మీరూ తోడెళ్ళండి."

భయమని కాదు కానీ, తోడు నేనే వెళ్ళాలి కదా. అప్పటికి నాకు నలభై దాటాయి. రోజూ స్కూలుకు తొక్కే సైకిలే కాబట్టి ఏముందిలే అనుకున్నాను.

వాడరేవు

తెల్లవారుతుండగా వాడరేవు చేరాం. ఇసుక మీద బారులు బారులుగా చేపలు ఎండబోసి ఉన్నాయి. సువార్త చెప్పులు విప్పి, చీర కుచ్చెళ్ళు కాస్త పైకి పట్టుకుని నిజంగానే నీళ్ళలో కాళ్ళు తడుపుకుంది. ఎండుచేపలు తిరగేస్తున్న ఒక పెద్దావిడ మమ్మల్ని, సైకిళ్ళను, మూటలను చూసి ఎటు పోతున్నారని అడిగింది.

"దాచేపల్లి."

"అదెక్కడ?"

సువార్త పడమటికి చెయ్యి చూపించింది. ఆ పొద్దున్నే గాలి అటునుంచే వస్తోంది.

"ఈ గాలికి పడవ తేలిగ్గా పోద్ది తల్లీ. తిరిగి రావాలంటేనే మావోళ్ళకి పేగులు తెగుతయ్. మీరు పోయేటప్పుడే తెంపుకుంటారా ఏంది?"

అలా అంటూనే గుప్పెడు ఎండు నెత్తళ్ళు కాగితంలో చుట్టి సువార్త సంచిలో వేసింది. డబ్బులిస్తే తీసుకోలేదు. ఆ పొట్లం వల్ల తర్వాత ప్రతి ఊళ్ళోనూ కుక్కలు మా వెంటపడ్డాయి. అయినా పారెయ్యలేదు. పేదమనిషి ప్రేమగా ఇచ్చింది.

చీరాల దాకా నేనే ముందున్నాను. అది నిజం. చీరాలలో ఇడ్లీ తిన్నాం. అల్లప్పచ్చడి మా ఇంట్లో కంటే తియ్యగా ఉంది. ఊరు దాటి రోడ్డు పడమటికి తిరిగేసరికి గాలి ఎదురు తగిలింది. ఆ గాలి ఎరగని వాళ్ళకు ఎలా చెప్పాలి. పొయ్యిలో కట్టెలు ఎగదోసేటప్పుడు ముఖానికి తగిలే సెగ ఉంటుంది చూడండి, అది పొద్దుగూకే దాకా ముఖం మీదే ఉంటుంది. పెడలు మీద నిలబడి తొక్కితే సైకిలు నాలుగు గజాలు పోయి, వెనక ఎవరో పట్టుకున్నట్టు ఆగుతుంది. నా తలమీది తువ్వాలు ఎగిరి మళ్ళీ చీరాల దారి పట్టింది. దానికోసం వెనక్కి పరిగెత్తి తెచ్చుకునేసరికే సగం ఓపిక అయిపోయింది.

"ఏవండీ, కాసేపు నా వెనక రండి," అంది సువార్త.

ఆమె వెనక చక్రానికి జానెడు దూరంలో నా ముందు చక్రం పెట్టాను. చెవుల్లో హోరు తగ్గింది, తలుపు వేసినట్టు. సైకిలు తేలికైంది. ముందు ఆమె కొంగు నడుముకు దోపుకుని, హ్యాండిలు మీదికి వంగి, ఒకే తీరున తొక్కుతోంది. తొందర లేదు. గొణుక్కుంటున్నట్టు ఏదో కీర్తన పాడుకుంటోంది. ఆ పాట వేగమే పెడళ్ళ వేగం.

"నిలబడి తొక్కకండి. గాలికి మీ ఎత్తంతా ఇస్తే అది తోస్తుంది," అంది తల తిప్పకుండా.

పర్చూరు దాటాక

పర్చూరు దాటితే సముద్రపు గాలి అందదు. రెండువైపులా పత్తికట్టె పీకేసిన నల్లచేలు, కాలు పట్టేటంత నెర్రెలు. ఒక చిన్న ఊళ్ళో సోడా కొట్టు ముందు దిగాం. దిగకముందే మాటలు మొదలయ్యాయి.

"ఒరేయ్, వీళ్ళు ఆ వారం రోజులు దిగకుండా సైకిలు తొక్కేవాళ్ళురా. మైకు సెట్టు వెనక వస్తా ఉంటది," అన్నాడు ఒకడు.

"కాదురా, మాష్టారులాగున్నాడు." బెంచీ మీద కూర్చున్న లావాటి మనిషి నా వైపు తిరిగాడు. "ఏం మాష్టారూ, అమ్మగారి కొంగు గాలికి అడ్డం పెట్టుకుని తొక్కుతున్నారా? బాగుంది. మాక్కూడా అట్టాంటిది ఒకటి చూసిపెట్టండి."

అందరూ నవ్వారు. చెడ్డ నవ్వేమీ కాదు. సువార్త కూడా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. గోలీసోడా అర్ధరూపాయి. ఆ అర్ధరూపాయి సోడా నాకు చేదుగా దిగింది.

ఊరు దాటాక చెప్పాను. "ఊళ్ళు వచ్చినప్పుడు మాత్రం నేను ముందుంటాను."

"ఎందుకు?"

"చూసేవాళ్ళకు బాగుండదు. నీకు కూడా."

ఆమె కాసేపు తొక్కి, "సరే. ఊళ్ళు మీవి, దారి నాది," అంది. సరదాగానే అంది.

ఇక అదే పద్ధతి. ఊరి మొదటి గడ్డివామి కనబడగానే ఆమె నెమ్మదిస్తుంది. నేను పక్కగా ముందుకొచ్చి, బెల్లు కొడుతూ, ఛాతీ విరుచుకుని ఊరంతా దాటిస్తాను. ఊళ్ళో ఇళ్ళు అడ్డం ఉంటాయి కాబట్టి గాలి అంతగా తగలదు. ఆఖరి ఇల్లు దాటగానే ఆమె ముందుకొస్తుంది. జనం చూసినంతసేపూ నేను ముందు. ఎవరూ చూడనప్పుడు ఆమె ముందు. మా దేశంలో ఏ మగవాడికైనా ఇది పెద్ద తప్పుగా తోచదు. నాకూ తోచలేదు.

మిరపకళ్ళం

ఆ రాత్రికి చిలకలూరిపేటలో ఆగి, మర్నాడు నరసరావుపేట దారి పట్టాం. ఆఖరి కోత మిరపకాయలు ఇంకా కళ్ళాల్లో ఉన్నాయి. ఒక మలుపు తిరిగేసరికి రోడ్డు పక్కనే ఎర్రటి కళ్ళం. ఆడవాళ్ళు తాలుకాయలు ఏరుతున్నారు. గాలి ఆ కళ్ళం మీదుగా మా ముఖాల మీదికి వచ్చింది. మాదీ మిరప ఊరే, ఘాటు కొత్తకాదు. కానీ ఆయాసపడుతూ నోరు తెరిచి ఆ గాలి పీల్చడం వేరు. తుమ్ములు, దగ్గు, కళ్ళల్లో నిప్పులు. నేను సైకిలుతో సహా రోడ్డు పక్క గుంటలోకి దిగిపోయాను.

"కళ్ళు నలపమాకండి, నలపమాకండి," అంటూ ఒక ముసలావిడ పరిగెత్తుకొచ్చింది. పేరు కోటమ్మ. నన్ను పాక నీడలో పడుకోబెట్టి, మజ్జిగలో తడిపిన గుడ్డ కళ్ళ మీద వేసింది. కళ్ళు మూసుకుని ఉన్నాను కాబట్టి ఆడవాళ్ళ మాటలన్నీ వినబడ్డాయి.

"దాచేపల్లికా? ఎవరన్నా చచ్చారా?"

"లేదు పెద్దమ్మా," అంది సువార్త.

"మరి బస్సుకి ఏమొచ్చింది?"

సువార్త రాజ్యం సంగతంతా చెప్పింది. ఏరుతున్న చేతులు ఆగినట్టున్నాయి, గలగల తగ్గింది.

"మా మనవరాలినీ అట్టాగే ఏడుతో మానిపిచ్చారు," అంది కోటమ్మ. "అదుగో, ఆ మూల ఏరేది అదే. నువ్వు గెలిచి రా తల్లీ. మా వాడికి కూడా చెబుతా. మరి ఈయనెందుకు?"

"తోడు."

"కళ్ళమ్మట నీళ్ళు కారుస్తా పడుకున్నాడు. తోడంట."

పాకంతా నవ్వులు. ఇది నేను ఇంతకుముందు ఎక్కడా చెప్పలేదు. చెప్పినప్పుడల్లా మిరప ఘాటుకు సువార్త పడిపోయిందనీ, నేను మజ్జిగ తెచ్చి తుడిచాననీ చెప్పాను.

వాళ్ళు మాకు చద్దన్నం, పండుమిరప పచ్చడి, పచ్చి ఉల్లిపాయ పెట్టారు. మేం ఇంట్లో పండుమిరపలో పెరుగు కలుపుకుంటాం. వాళ్ళు నూనె పోసుకుంటారు, అదీ వేరుశనగ నూనె. వెళ్ళేటప్పుడు కోటమ్మ ఒక్కో ఉల్లిపాయ మా ఇద్దరి చేతుల్లో పెట్టి, ఒంటి మీద ఉంచుకుంటే వడదెబ్బ తగలదంది. సువార్త రవికెలో దోపుకుంది, నేను జేబులో వేసుకున్నాను.

పల్నాడు

నరసరావుపేటలో ఒక పాస్టరుగారి వరండాలో పడుకున్నాం. అక్కణ్ణుంచి పైకి పోయేకొద్దీ నేల మారింది, మనుషుల తీరూ మారింది. మా తీరప్రాంతంలో గుమ్మం ముందు ఆగితే ముందు ఏ ఊరని, ఎవరి తాలూకని అడుగుతారు. ఆ తర్వాత మంచినీళ్ళు. పల్నాటిలో ముందు మజ్జిగ ఇస్తారు. తాగి చెంబు దించాక, అడిగితే అడుగుతారు. నీళ్ళు అంత కరువైన చోట అంత ధారాళం చూసి నాకు మా ఊరి మీద కాస్త సిగ్గేసింది.

తుమ్మముళ్ళకు నా సైకిలు రెండుసార్లు పంచరైంది. సువార్తది ఒక్కసారి కూడా కాలేదు. ముల్లు ఎక్కడుందో ముందు తొక్కేవాళ్ళు చూసుకుంటారు. వెనక తొక్కేవాడికి ముందున్న సైకిలు చక్రం తప్ప ఏమీ కనబడదు. ఇంత తేలిక సంగతి కూడా నా కథ విన్నవాళ్ళలో ఎవరూ అడగలేదు.

మూడోరోజు ఎండ ముందు రెండురోజుల్లాంటిది కాదు. తారు మెత్తబడి టైర్లకు అంటుకుంది. పిడుగురాళ్ళ దగ్గర సున్నపుబట్టీల వేడి కూడా గాలిలో కలిసింది. చెమట పట్టడం ఆగిపోయింది. కాళ్ళు నావి కానట్టు తోచింది. ఊరు దాటి కొద్ది దూరం పోయాక సైకిలు దిగి, దిగినచోటే కూలబడ్డాను. జేబులో ఉల్లిపాయ ఉంది. అది ఏం చేస్తుంది పాపం.

సువార్త తన చీరకొంగు తడిపి నా తలకు చుట్టింది. అంతలో నాపరాళ్ళ కోసం దాచేపల్లి వైపు ఖాళీగా పోతున్న లారీ ఒకటి ఆగింది. డ్రైవరు దిగి, నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, తన కుండలో నీళ్ళు నా మీద కుమ్మరించాడు.

"వడ కొట్టింది. ఎక్కించండి. అమ్మా, మీరూ ఎక్కండి, సైకిళ్ళు పైన వేద్దాం. దాచేపల్లిలో దింపుతా."

"ఆయన్నీ, ఆయన సైకిలునీ తీసుకెళ్ళండన్నా. నేను తొక్కుకుంటూ వస్తా."

"ఈ ఎండలోనా? ఎవరు చూడొచ్చారమ్మా?"

"మంచినీళ్ళు తాగి రమ్మన్నారు. లారీలో రమ్మనలేదు."

"నువ్వొక్కదానివే ఎలా వస్తావు?" అన్నాను నేను, లారీలో కూర్చునే.

ఆమె నా వైపు చూసింది. "మీరు వెనక ఉన్నారని నాకు గాలి తగ్గిందా ఏంటండీ? నీడలో కూర్చోండి. వచ్చేస్తాను."

లారీ కదిలింది. వెనక్కి తిరిగి చూస్తే ఆమె అప్పటికే హ్యాండిలు మీదికి వంగి తొక్కుతోంది.

నేను చూడని దారి

పిడుగురాళ్ళకూ దాచేపల్లికీ మధ్య రోడ్డును నేను అందరికంటే బాగా వర్ణిస్తానని పేరు. సుడిగాలి లేచిందని, రోడ్డుకడ్డంగా తాచుపాము పోయిందని, సువార్త ఇక నావల్ల కాదంటే ధైర్యం చెప్పి నా వెనక రమ్మన్నానని చెప్పాను. ఆ దారి నేను లారీ కిటికీలోంచి సగం కళ్ళు మూసుకుని చూశాను. పాముల్లేవు. ఉన్నా నాకు తెలియదు.

అక్కడ జరిగిందేమిటో ఆమె చెప్పిందే రాయగలను. ఆమె చెప్పింది తక్కువ. రోడ్డు మీద ఎవరూ లేరు. సున్నపుదుమ్ము తెల్లగా ఎగురుతోంది. ఒకచోట రాళ్ళగని పనివాళ్ళు నీళ్ళిచ్చారు. ఒక ఎత్తు దగ్గర దిగి నడిచింది. తుమ్మచెట్టు కింద కూర్చుని కాసేపు ఏడ్చింది.

"ఎందుకు ఏడ్చావు?" అని అడిగాను.

"ఎవరూ లేరుగా. ఏడవొచ్చు అనిపించింది," అంది. తర్వాత లేచి మళ్ళీ తొక్కిందట.

దాచేపల్లి

డ్రైవరు నన్ను దాచేపల్లి పొలిమేరలో, నాపరాళ్ళు పేర్చిన చోట దింపాడు. ఆ నీడలో కూర్చున్నాను. మజ్జిగ దొరికింది, ప్రాణం కుదుటపడింది. పొద్దు వాలేకొద్దీ భయం మొదలైంది. వెనక్కి వెళదామా అని లేచాను, కూర్చున్నాను. ఆ సాయంత్రం చేసిన ప్రార్థన నేను మళ్ళీ ఎప్పుడూ అంత గట్టిగా చేయలేదు.

రోడ్డు చివర తెల్లగా ఏదో కదిలింది. దగ్గరికొచ్చేకొద్దీ అది సైకిలయింది, మనిషయింది. చీర, జుట్టు, కనుబొమలు అన్నీ సున్నపుదుమ్ముతో తెల్లబారిపోయాయి. పెదవులు పగిలాయి. పెడళ్ళు మాత్రం చీరాల దగ్గర ఎలా తిరిగాయో అలాగే తిరుగుతున్నాయి, అదే వేగం. నా పెళ్ళినాడు కూడా నాకంత గర్వం కలగలేదు. గట్టిగా ఏడుపొచ్చింది, ఆపుకున్నాను.

ఆమె నా ముందు ఆగి, కాలు కింద పెట్టి, ఊరి వైపు గడ్డం చూపించింది. "పదండి. మీ ఊరొచ్చింది."

అక్కడైనా నాకు బుద్ధి రావాలి. రాలేదు. సైకిలెక్కి ముందుకొచ్చాను. బెల్లు కూడా కొట్టాను. సాంబయ్య వాళ్ళ వీధి వాళ్ళంతా బయటికొచ్చి చూస్తే, ముందు మాష్టారు, వెనక దుమ్ము కొట్టుకుపోయిన టీచరమ్మ.

సాంబయ్య మంచి మనిషి. నాకు మంచం వాల్చారు, ఆమెకు చాప వేశారు. జొన్నన్నం, గోంగూర, ఎర్రటి కారం పెట్టారు. జొన్నన్నం మాకు అలవాటు లేదు, అయినా ఇద్దరం రెండోసారి వడ్డించుకున్నాం. నెత్తళ్ళ పొట్లం ఆ ఇంట్లోనే వేయించారు. సముద్రపు చేప ఆ ఇంటికి ఎప్పుడో కానీ రాదట. గాలి ఎలా ఉంది, ఎక్కడ కష్టమైంది అని అడిగితే అన్నిటికీ నేనే జవాబు చెప్పాను. సువార్త ఒక చెంబు నీళ్ళు తాగింది, తర్వాత ఇంకో చెంబు తాగింది. దాచేపల్లిలో ఆమె చేయవలసిన పని అదొక్కటే, అది చేసింది.

అరుగు మీద

సైకిళ్ళు బస్సు పైన వేసుకుని తిరిగొచ్చాం. మాకంటే ముందే సాంబయ్య కబురు వచ్చినట్టుంది. ఆ సాయంత్రం అరుగు నిండా జనం. రాజ్యం కూడా వచ్చి తండ్రి వెనక స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"అయితే తొక్కావన్నమాట తల్లీ," అన్నాడు వెంకటప్పయ్య.

"తొక్కాను బాబాయ్."

"మాష్టారు ముందు, నువ్వు వెనకంట గదా. సాంబయ్య కళ్ళారా చూశానన్నాడు."

"అది ఊళ్ళల్లో బాబాయ్. దారిలో అయితే..." అని ఆగి, సువార్త నా వైపు చూసింది. చెప్పమని.

"మీరు చెప్పండి మాష్టారూ," అన్నాడు వెంకటప్పయ్య. "ఎదురుగాలికి ముందెవరు?"

అరుగు మీదివాళ్ళందరూ నా వంక చూస్తున్నారు. పర్చూరు అవతలి సోడాకొట్టు గుర్తొచ్చింది.

"ముందు నేనే ఉన్నాననుకోండి. తను కూడా బాగానే తొక్కింది," అన్నాను.

"అదీ సంగతి. ముందు మగాడుంటే వెనక ఆడమనిషి తొక్కుద్ది. నేను కాదన్లేదు. మరి మా రాజ్యం ముందు రోజూ ఎవరుంటారమ్మా?"

అరుగు మీద పదిమందిలో మొగుణ్ణి అబద్ధాలాడావని అనే ఆడది మా ఊళ్ళో లేదు. అది నాకు తెలుసు. తెలిసే అన్నాను. స్తంభం దగ్గర రాజ్యం లేదు, ఎప్పుడు వెళ్ళిందో చూడలేదు.

ఇంటికొచ్చాక సువార్త పొయ్యి అంటిస్తూ ఒక్క మాట అంది. "ఊళ్ళు మీవన్నాను కానీ, దారి కూడా మీదేనని అనలేదు కదండీ."

నేను అప్పుడైనా లేచి అరుగు దగ్గరికి వెళ్ళొచ్చు. ఇవాళ కాదు, రేపు చెబుదాం అనుకున్నాను. జూనులో బడులు తెరిచారు. మగపిల్లలు హైస్కూలుకు పోయారు. రాజ్యం పత్తిచేలో కలుపుకు పోయింది. ఆ ఏడాది పొడుగునా ఆ పిల్ల వీధిలో ఎదురైతే తలవంచుకున్నది నేను.

మళ్ళీ గాలి

మరుసటి వేసవి గాలి మొదలైన వారంలో సువార్త తన సైకిలు నడిపించుకుంటూ అరుగు దగ్గరికి వెళ్ళింది. నన్ను రమ్మనలేదు, నేనే వెళ్ళాను. వెంకటప్పయ్య చేనునుంచి వచ్చి సైకిలు దిగుతున్నాడు.

"బాబాయ్, దిగకండి. హైస్కూలు దాకా ఒకసారి నాతో తొక్కండి."

"ఎందుకమ్మా?"

"ఊరికే. కావాలంటే ముందు మీరే తొక్కండి."

ఆయన నవ్వుకుంటూ బయల్దేరాడు. అరుగు మీద నేనూ, ఇంకో నలుగురూ కూర్చున్నాం. చాలాసేపటికి, గాలి వీపున తోస్తుంటే ఇద్దరూ తిరిగొచ్చారు. వెంకటప్పయ్య దిగి, చొక్కా గుండీలు విప్పుకుని, కుండలో నీళ్ళు తాగాడు. నవ్వు లేదు.

"వాగు దాకా నేనే ముందు తొక్కా," అన్నాడు, ఎవరితోనూ కాకుండా. "ఊపిరాడలా. అప్పుడు తను ముందుకొచ్చింది. వెనకజేరా. చెవుల్లో హోరు ఆగిపోయింది." నా వైపు తిరిగాడు. "మాష్టారూ, దాచేపల్లికి ముందెవరు?"

"తనే."

"ఎంత దూరం?"

"ఊళ్ళు తప్ప మొత్తం."

వెంకటప్పయ్య కుండ మీద మూత పెట్టాడు. "ఆ ముక్క నిరుడు చెప్పడానికి నీకేం అడ్డమొచ్చిందయ్యా?" అన్నాడు.

అంతకుముందు ఎన్నడూ ఆయన నన్ను నువ్వు అనలేదు. ఇప్పటికీ మాష్టారూ అనే పిలుస్తాడు కానీ, మీరు అనడం మానేశాడు. అనమని నేనూ అడగలేదు.

ఆ వారంలోనే చీరాల వెళ్ళి సైకిలు కొన్నాడు. రాజ్యం తనకంటే ఏడాది చిన్నవాళ్ళ పక్కన కూర్చుని ఎనిమిదో తరగతి చదివింది. ఆ మరుసటేడు ఇంకో ఇద్దరు ఆడపిల్లలకు సైకిళ్ళొచ్చాయి. వాళ్ళకు నేర్పిందీ సువార్తే.

లారీ సంగతి మాత్రం ఆ రోజు అరుగు మీద కూడా దాచాను. ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను. రాస్తున్నానని చెబితే సువార్త, "ఆ డ్రైవరు తను తాగే నీళ్ళన్నీ మీ మీద పోసేశాడు. అది రాశారా?" అని అడిగింది. రాశాను.

ఈ మార్చిలో రాజ్యం పదో తరగతి పరీక్షలు రాసింది. సెంటరు పర్చూరులో పడింది. మొదటి పరీక్షనాడు పొద్దున్నే పడమటి గాలి లేచింది. వెంకటప్పయ్య మా గుమ్మంలోకి వచ్చి, "అమ్మా, ఇవాళ ఒక్కరోజు దానికి ముందు తొక్కు. అలిసిపోయి రాయలేదేమో," అన్నాడు. సువార్త వెంటనే సైకిలు తీసింది. ముగ్గురం వాళ్ళింటికి వెళ్ళేసరికి రాజ్యం పరీక్ష అట్ట హ్యాండిలుకు కట్టుకుని, సీటు మీద కూర్చుని, ఒక కాలు నేల మీద ఉంచి సిద్ధంగా ఉంది. వెంకటప్పయ్య సైకిలుకు ఎదురుగా నిలబడి హ్యాండిలు పట్టుకుని, నీళ్ళు తాగమనీ, మెల్లగా పొమ్మనీ, టీచరమ్మ వెనకే ఉండమనీ చెప్పడం మొదలుపెట్టాడు.

"జరుగు నాన్నా," అంది రాజ్యం. "టైమవుతోంది."

ఆయన పక్కకు జరిగాడు. సువార్త తన సైకిలుకు స్టాండు వేసింది.